స్నానాన్ని పసిగట్టే ఫ్యాను

స్నానాలగదిలోని ఎగ్జాస్ట్ ఫ్యాను ఎవరో ఒకరు స్విచ్చి వేస్తే తిరుగుతుంది, ఎవరో ఒకరు ఆపితే ఆగుతుంది. ఈ రెండు పనులకూ ఇంట్లో మనిషి దొరకడు. స్నానానికి వెళ్లేవాడికి తువ్వాలు, సబ్బు, గీజరు గుర్తుంటాయి గానీ ఫ్యాను గుర్తుండదు. గుర్తున్నా, ఆ రొదలో తన పాట తనకే వినపడదని వెయ్యడు. స్నానం ముగించి బయటికి వచ్చినవాడు దాన్ని ఆపకూడదు కూడా. ఆవిరిని బయటికి తోసే పని సగం అప్పటికింకా మిగిలే ఉంటుంది. కాబట్టి ఆపే బాధ్యత తర్వాతివాళ్లది. ఆ తర్వాతివాళ్లు ఎవరన్నది ఏ ఇంట్లోనూ తేలలేదు. అందుకని లోపల స్నానం జరుగుతున్న సంగతి ఫ్యానే తెలుసుకుని తిరిగి, పనయ్యాక తనంతట తానే ఆగే ఏర్పాట్లు వచ్చాయి. ఫ్యానును తిప్పడానికి అగ్గిపెట్టెంత రిలే ఒకటి చాలు. స్నానం జరుగుతోందా లేదా అని తేల్చడం దగ్గరే చిక్కంతా.

దీనికి ముందు రెండు ఉపాయాలు నడిచాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి. మొదటిది లైటునూ ఫ్యానునూ ఒకే స్విచ్చికి కలిపేయడం. ఇల్లు కట్టేవారికి ఇది ఇష్టం, ఒక స్విచ్చి, కాస్త వైరు మిగులుతాయి. కానీ అద్దంలో బొట్టు సరిచూసుకోవడానికి వెళ్లినా ఫ్యాను మోగుతుంది. పట్టపగలు వెంటిలేటరు వెలుతురులో లైటు వెయ్యకుండా వేణ్నీళ్ల స్నానం చేస్తే మోగదు. రెండోది టైమరు. బ్రిటన్ భవన నియమాల ప్రకారం తెరిచే కిటికీ లేని స్నానాలగదిలో సెకనుకు 15 లీటర్ల గాలి లాగే ఫ్యాను ఉండాలి, గది వాడకం ముగిశాక కూడా అది మరో 15 నిమిషాలు తిరగాలి. ఇది మర్యాదస్తుల పద్ధతి. లోపలికి వెళ్లినవాడు ఏం చేశాడన్నది అడగదు, చేతులు కడుక్కున్నా సరే 15 నిమిషాలు తిరుగుతుంది.

స్నానం జరుగుతోందనడానికి గది ఇచ్చే మొదటి సాక్ష్యం ఆవిరి. గాలి వేడెక్కేకొద్దీ అందులో ఎక్కువ ఆవిరి పడుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఘనపు మీటరు గాలిలో సుమారు 17 గ్రాములు, 30 డిగ్రీల దగ్గర 30, 40 డిగ్రీల దగ్గర 51. అంతకు మించినది అద్దం మీదా టైల్స్ మీదా చెమ్మగా దిగుతుంది. పట్టగలిగినదానిలో ప్రస్తుతం ఎన్నో వంతు నిండిందో చెప్పేదే వాతావరణ వార్తల్లో వినే తేమ శాతం. అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న గదిలో తొమ్మిది ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర 60 శాతం తేమతో ఉన్న ఆ గాలిని నూరు శాతానికి తేవడానికి కావలసిన నీరు 83 గ్రాములు. అంటే అర గ్లాసు కూడా కాదు. షవరేమో నిమిషానికి ఎనిమిది, పది లీటర్లు, అదీ వేడివేడిగా, చిన్నచిన్న చినుకులుగా చేసి పోస్తుంది. ఆ అర గ్లాసు గాల్లో కలవడానికి స్నానం పూర్తయ్యేదాకా ఆగనక్కర లేదు.

అర గ్లాసు నీళ్లకు ఇంత హంగామా ఎందుకని అడగవచ్చు. అది రోజూ ఇంట్లో తలకొక అర గ్లాసు. సీలింగు రంగు పొక్కి పెచ్చులుగా రాలేదీ, టైల్స్ మధ్య గీతల్లో నల్లటి బూజు పట్టేదీ, ఫ్లష్ డోరు అడుగున ఉబ్బి, వానాకాలంలో కాలితో తన్నితే తప్ప మూతపడనిదీ దీని పుణ్యమే. కరెంటు ఆదా కోసం ఈ ఏర్పాటు చేస్తున్నామని చెప్పేవారి మాట మాత్రం నమ్మనక్కర లేదు. స్నానాలగది ఫ్యాను 35 వాట్లది అనుకుంటే, 15 లీటర్ల గీజరు నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి కాచడానికయ్యే కరెంటుతో అది పదిహేడు గంటలు తిరుగుతుంది. ఆదా చెయ్యదలచినవారు గీజరు స్విచ్చి కట్టేస్తే చాలు. కానీ గీజరు కట్టడం మరిచిపోయేవారే ఫ్యానుకు తెలివి నేర్పడానికి కూర్చుంటారన్నది అనేక ఇళ్లలో కనిపించే సత్యం.

గాలిలో తేమను కొలిచే తొలి నమ్మకమైన సాధనాల్లో ఒకటి మనిషి వెంట్రుకతో తయారైంది. జెనీవాకు చెందిన ఒరాస్ బెనెడిక్ట్ ద సొస్యూర్ అనే శాస్త్రజ్ఞుడు 1783లో అచ్చు వేసిన గ్రంథంలో దాన్ని వివరించాడు. జిడ్డు పోయేలా శుభ్రం చేసిన వెంట్రుక పొడి గాలి నుంచి పూర్తి తేమగాలికి వచ్చేసరికి రెండు, రెండున్నర శాతం దాకా సాగుతుంది. ఆ సాగుడును ఒక ముల్లుకు తగిలిస్తే తేమ కొలిచే యంత్రం సిద్ధం. ఆ తర్వాత దాదాపు రెండు శతాబ్దాలు ప్రపంచ వాతావరణ కేంద్రాలు వెంట్రుకల మీద ఆధారపడ్డాయి. నేటి స్నానాలగదుల జాలీలో మాత్రం అవే వెంట్రుకలు ఏ శాస్త్రానికీ పనికిరాకుండా ఉండచుట్టుకుని నీళ్లకు అడ్డం పడుతున్నాయి.

ఇప్పటి సెన్సర్లలో వెంట్రుక స్థానాన్ని పల్చని పాలిమర్ పొర తీసుకుంది. తేమను పీల్చినప్పుడు దాని విద్యుత్ గుణం మారుతుంది, ఆ మార్పును చిప్పు శాతంగా మార్చి చెబుతుంది. డీహెచ్‌టీ11 అనే చవక రకం అయిదు శాతం అటూ ఇటూగా, ఒక్కో శాతం మెట్టుగా చెబుతుంది. డీహెచ్‌టీ22, ఎస్‌హెచ్‌టీ31 రకాలు రెండు శాతం తేడాలో ఉంటాయి, దశాంశాలు కూడా చెబుతాయి. వీటిని ఈఎస్‌పీ32 వంటి బుల్లి బోర్డుకు కలిపి, హోమ్ అసిస్టెంట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుకు అప్పగిస్తే, ఇంటాయన ఆఫీసులో కూర్చుని తన స్నానాలగది తేమ గీతను ఫోనులో చూసుకోవచ్చు. ఎందుకు చూసుకోవాలన్నది ఇంటావిడ అడిగే ప్రశ్న. దానికి ఇంతవరకు తృప్తికరమైన జవాబు రాలేదు.

సెన్సరు చేతికి రాగానే అందరూ మొదట చేసే పని ఒక అంకె పెట్టడం. తేమ 70 శాతం దాటితే ఫ్యాను తిరగాలి, దిగితే ఆగాలి. కాలిఫోర్నియా హరిత భవన నియమాలు స్నానాలగది ఫ్యాన్లకు ఇలాంటి తేమ నియంత్రణనే అడుగుతాయి. 50 లేక అంతకు తక్కువ శాతం నుంచి 80 శాతం దాకా తిప్పుకునే మీట ఉండాలంటాయి. కాలిఫోర్నియాలో అది చెల్లుతుంది. విశాఖపట్నంలో ఆషాఢం నుంచి కార్తికం దాకా హాల్లో, వంటింట్లో, పెరట్లో, ఎక్కడైనా తేమ 80కి అటూ ఇటూగా ఉంటుంది. అక్కడ 70 అని పెట్టిన ఫ్యాను తొలకరికి మొదలై దీపావళి దాకా తిరుగుతూనే ఉంటుంది. సముద్రాన్ని స్నానాలగదిలోంచి బయటికి తోడెయ్యాలన్న దాని సంకల్పం గొప్పదే. హైదరాబాదులో ఏప్రిల్ మధ్యాహ్నం తేమ 30 శాతం దాటడమే గగనం. అక్కడ అదే అంకె పెట్టిన ఫ్యాను బకెట్ స్నానాన్ని అసలు గుర్తించకపోవచ్చు. పోనీ ఊరికో అంకె పెడదామంటే, ఒకే ఊళ్లో మేకూ ఆగస్టూ రెండు వేరే ఊళ్లు.

కాబట్టి అంకెను వదిలి వేగాన్ని పట్టుకోవాలి. వాతావరణం తేమను గంటల తరబడి పెంచుతుంది, షవరు నిమిషాల్లో పెంచేస్తుంది. రెండు నిమిషాల్లో అయిదు శాతం పెరిగితే అది స్నానం, మధ్యాహ్నమంతా కలిపి అయిదు శాతం పెరిగితే అది మబ్బు. అమెరికాలో ఈ సూత్రం చక్కగా పనిచేస్తుంది. అక్కడ స్నానమంటే షవరే, గది చిన్నది, తలుపు బిగుతు. తెలుగు ఇంట్లో ఈ సూత్రం బకెట్టు దగ్గర బోల్తా పడుతుంది.

సెన్సరు వైపు నుంచి చూస్తే స్నానాలు పలు రకాలు. షవరు స్నానం దానికి సులువుగా అర్థమవుతుంది. బకెట్ స్నానంలో ఆవిరి ఎక్కువగా లేచేది బకెట్టు నిండేటప్పుడు. అప్పుడు మనిషి లోపల ఉండడు, తువ్వాలు కోసం బీరువా ముందు ఉంటాడు. ఖాళీ గదిలో ఫ్యాను ఉత్సాహంగా మొదలవుతుంది. అతగాడు వచ్చి, వేడి ఎక్కువైందని చన్నీళ్లు కలిపి, చెంబుతో తాపీగా పోసుకునే వేళకు తేమ పెరుగుదల నెమ్మదిస్తుంది. ఇక స్నానం అయిపోయిందని యంత్రం నిర్ణయించుకుంటుంది. బడికి ఆలస్యమైన పిల్లవాడి కాకి స్నానం సెన్సరు కొత్త కొలత తీసుకునేలోపే ముగుస్తుంది. ఆదివారం కుంకుడుకాయ తలంటులో నీళ్లు పోయడం, రుద్దడం, కళ్లు మండాయని ఏడవడం, మళ్లీ పోయడం వంతులవారీగా నడుస్తాయి. సెన్సరు దాన్ని ఒకరి తర్వాత ఒకరుగా నలుగురు చేసిన స్నానాలుగా లెక్కకట్టి ఫ్యానును వేస్తూ ఆపుతూ ఉంటుంది. అన్నిటికంటె అన్యాయం కార్తిక మాసంలో జరుగుతుంది. తెల్లవారక ముందే లేచి, వణుకుతూ చన్నీళ్లు పోసుకునేవారి వల్ల గదిలో ఆవిరి దాదాపు లేవదు. ఏడాదిలో కెల్లా పుణ్యప్రదమైన స్నానం ఈ యంత్రం దృష్టిలో స్నానమే కాదు.

అలాగే స్నానం కానివి స్నానంగా నమోదవుతాయి. వేణ్నీళ్లతో దుప్పట్లు నానబెట్టినా, ఫినాయిలు పోసి గచ్చు కడిగినా, పడకగది ఏసీ ఆపి తలుపు తెరవగానే హాల్లోని ఉక్క లోపలికి వచ్చినా తేమ చటుక్కున పెరుగుతుంది. గాలిలోని వాసనలను, వాయువులను కూడా పసిగట్టే బీఎంఈ680 రకం సెన్సరు పెట్టుకున్నవారికి మరో వినోదం ఉంది. బాలింతకు స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేస్తే గాలి పూర్తిగా పాడైపోయిందని అది గగ్గోలు పెడుతుంది. వెంటనే ఫ్యాను తిరిగి, పాపాయి తలకు పట్టించడానికని వేసిన పొగనంతా పక్కింటి డాబా మీదికి పంపిస్తుంది.

ఈ చిక్కులకు తగిన మందు స్నానాలగదిని దానితో దాన్ని కాక ఇంటితో పోల్చడం. రెండో సెన్సరు ఒకటి హాల్లో పెట్టాలి. హాలుకూ స్నానాలగదికీ మధ్య తేడా పెరిగితే ఫ్యాను వెయ్యాలి, తేడా పోతే ఆపాలి. ఊరు విశాఖ అయినా హైదరాబాదు అయినా, నెల ఏదైనా ఈ లెక్క మారదు. ఎందుకంటే ఫ్యాను బయటికి తోసిన గాలి స్థానంలోకి తలుపు సందులోంచి వచ్చేది హాల్లోని గాలే. హాలు కంటె పొడిగా స్నానాలగదిని ఏ ఫ్యానూ చెయ్యలేదు. దాన్నుంచి అంతకు మించి ఆశించడం తప్పు. నమ్మదగిన పద్ధతుల్లో మొదటి పీట దీనికే వెయ్యాలి.

అయితే పోల్చవలసింది శాతాలను కాదు, గ్రాములను. ఏసీ వేసిన గదిలో 24 డిగ్రీల దగ్గర 55 శాతం తేమ ఉందనుకుంటే ఘనపు మీటరుకు 12 గ్రాముల ఆవిరి ఉన్నట్టు. ఏసీ లేని హాల్లో 32 డిగ్రీల దగ్గర 40 శాతమే ఉన్నా అది పదమూడున్నర గ్రాములు. శాతం తక్కువగా ఉన్న గదిలోనే ఆవిరి ఎక్కువ. శాతాలు చూసి తీర్పు చెప్పే ఫ్యాను వేసవిలో తలకిందుల తీర్పులు చెబుతుంది. ఉష్ణోగ్రత, శాతం రెండూ ఇస్తే ఆవిరి గ్రాములు కట్టే సూత్రం ఒక వరుసలో పడుతుంది. సెన్సర్లన్నీ ఉష్ణోగ్రత కూడా చెబుతాయి కనుక అదనపు ఖర్చు లేదు.

రెండో సెన్సరు ఎక్కడ పెట్టాలన్నది ఇంజనీరింగు ప్రశ్న కంటె ఇంటి రాజకీయం. వైఫై బాగా అందుతుందనో, ప్లగ్గు ఖాళీగా ఉందనో చాలామంది దాన్ని వంటింట్లో ఫ్రిజ్ మీద పెడతారు. పొద్దున ఏడున్నరకు ఇడ్లీ పాత్ర మూత తెరుస్తారు, కుక్కరు మూడో కూత వేస్తుంది. అదే ఏడున్నరకు స్నానాలగదిలో షవరు మొదలవుతుంది. రెండు గదుల్లోనూ ఆవిరి సమానంగా పెరిగి, తేడా సున్నా అవుతుంది. స్నానం నట్టనడుమ ఉండగా ఫ్యాను ఆగిపోతుంది. దీనికి కారణం కోసం బోర్డు విప్పి, వైర్లు మార్చి, కోడు రెండుసార్లు తిరగరాసిన ఇళ్లు ఉన్నాయి. కారణం పళ్లెంలో పక్కనే కొబ్బరి చట్నీతో ఉంటుంది.

తేమను నమ్మనివారు ఇతర సాక్షులను పిలుస్తారు. కదలికను పట్టే పీఐఆర్ సెన్సరు మనిషి ఒంటి వేడి కదలడాన్ని చూస్తుంది, గాజు తలుపు వెనక ఉన్నవాడిని చూడలేదు. షవరుకు గాజు అర కట్టించుకున్న ఇంట్లో స్నానం చేసేవాడు దానికి మాయమైపోతాడు. కమోడు మీద కదలకుండా ఫోను చూస్తూ కూర్చున్నవాడు కూడా అంతే. లైటు కూడా దాని చేతిలోనే పెట్టి ఉంటే చీకట్లో చేతులు ఊపవలసి వస్తుంది. మిల్లీమీటర్ తరంగాల రాడారు ఇంకా తెలివైనది, ఊపిరికి ఛాతీ కదలడం కూడా దానికి తెలుస్తుంది. కానీ కదిలే కర్టెనూ, పడే నీళ్లూ, తిరిగే ఫ్యాను రెక్కలూ దానికి మనుషులే. ఫ్యాను తిరుగుతోంది కాబట్టి లోపల ఎవరో ఉన్నారు, ఎవరో ఉన్నారు కాబట్టి ఫ్యాను తిరగాలి. ఈ తర్కానికి అంతం కరెంటు పోతే తప్ప రాదు. మైక్రోఫోను, కెమెరా పెట్టి కనిపెట్టవచ్చని సూచించేవారూ ఉన్నారు. వారి ఇళ్లకు చుట్టాలు రాకపోవడం మంచిది.

వీటికంటె గీజరు నిజాయితీగల సాక్షి. రెండు కిలోవాట్ల గీజరు కాగేటప్పుడు తొమ్మిది ఆంపియర్లకు కాస్త తక్కువ కరెంటు లాగుతుంది, ఇంట్లో అంత లాగేవి ఎన్నో ఉండవు. అయితే అది స్నానం జరుగుతోందని చెప్పదు, జరగబోతోందని చెబుతుంది. 15 లీటర్లు కాగడానికి పావుగంట పైనే పడుతుంది. ఆ లోపల స్నానానికి లేచినవాడు పేపరు పట్టుకుని మళ్లీ కూర్చోవచ్చు. గీజరు నుంచి వచ్చే వేణ్నీళ్ల గొట్టానికి డీఎస్18బీ20 అనే చిన్న ఉష్ణోగ్రత సెన్సరును టేపుతో చుట్టడం ఇంతకంటె మెరుగు. నీళ్లు పారిన మరుక్షణం గొట్టం వేడెక్కుతుంది. గెడ్డం గీసుకోవడానికి మగ్గుడు వేణ్నీళ్లు పట్టుకున్నా వేడెక్కుతుందనుకోండి, ఒక నిమిషం ఓపిక పట్టి చూడమని దానికి చెబితే ఆ పొరపాటు తప్పుతుంది. మే నెలలో మాత్రం డాబా మీది ట్యాంకులోంచి చన్నీళ్ల పంపులో కూడా కాగిన నీళ్లే వస్తాయి. అప్పుడు గీజరుకూ, గొట్టానికీ, వాటి సాక్ష్యానికీ సెలవు.

గ్యాసు గీజరు విషయంలో పరిహాసం లేదు. అది మండేటప్పుడు గాలి చాలకపోతే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడు పుడుతుంది, మూసిన స్నానాలగదిలో అది ప్రాణం తీస్తుంది. తేమ పెరిగాక తిరిగే ఫ్యాను దీనికి రక్షణ కాదు. పైగా గాలి వచ్చే దారి లేని గదిలో ఫ్యాను పొగను వెనక్కి లాగనూవచ్చు. ఆ గీజరు ఉండవలసిన చోటు గది బయట.

వెయ్యడం కంటె ఆపడం కష్టం. పుస్తకం లెక్క ఇలా ఉంటుంది. పై కొలతల గది 320 ఘనపు అడుగులు. అమెరికాలో ఆష్రే ప్రమాణం స్నానాలగదికి అడిగే ఫ్యాను నిమిషానికి 50 ఘనపు అడుగులు లాగుతుంది. ఆరున్నర నిమిషాలకు ఒకసారి గదిలో గాలంతా మారుతుంది, 20 నిమిషాలకు మూడుసార్లు. అదనపు ఆవిరిలో ఇరవయ్యో వంతు కూడా మిగలకూడదు. మిగులుతుంది. తడిసిన గోడలు, గచ్చు, సగం నీళ్లున్న బకెట్టు, తలుపు వెనక తగిలించిన తువ్వాలు ఆవిరి ఇస్తూనే ఉంటాయి. దానికి తోడు వానాకాలంలో బయట ఆరని పంచెలు, లంగాలు స్నానాలగది తీగ మీదికి చేరతాయి. ఫ్యాను వాటిని ఆరబెట్టే వరకు నిద్రపోదు. ఇందుకోసం వెయ్యడానికి ఒక గీత, ఆపడానికి అంతకంటె కింద ఇంకో గీత పెట్టుకోవాలి. ఘనపు మీటరుకు నాలుగు గ్రాముల తేడాకు వేసి, ఒకటిన్నరకు ఆపడం ఒక పద్ధతి. గీత ఒకటే అయితే ఫ్యాను దాని మీద నిలబడి నిమిషానికోసారి ఆగుతూ తిరుగుతూ రిలేను టకటకలాడిస్తుంది. వేసిన తర్వాత పది నిమిషాలకు ముందు ఆపకూడదు, గంట దాటితే పంచె ఆరినా ఆరకపోయినా ఆపెయ్యాలి.

సెన్సరుకు కూడా ఒక మానం ఉంది. షవరు ఎదురుగా పెడితే దాని ముఖాన నీళ్లు పడి, నూరు శాతం దగ్గర బిగుసుకుని మధ్యాహ్నం దాకా అదే పాట పాడుతుంది. ఎస్‌హెచ్‌టీ31 లోపల, తన మీది చెమ్మను తానే ఆర్చుకునే చిన్న హీటరు ఉంటుంది. లేనివాటికి పైకప్పుకు దగ్గరగా, నీళ్లకు దూరంగా, ఫ్యాను నోటికి మరీ చేరువ కాకుండా చోటు చూడాలి. 230 వోల్టుల రిలే మాత్రం గది బయటి స్విచ్చిబోర్డులోనే ఉండాలి, దాన్ని బిగించవలసింది ఎలక్ట్రీషియను, యూట్యూబు కాదు.

ఇంత తెలివి నేర్పినా ఫ్యాను బుర్రకూ ఊపిరికీ సంబంధం లేని ఇళ్లు చాలా ఉన్నాయి. మన స్నానాలగదుల్లో ఫ్యాను సాధారణంగా వెంటిలేటరులో ఉంటుంది. చెక్క లేక అల్యూమినియం చట్రంలో సగం ఫ్యాను, మిగతా సగంలో వాలుగా నాలుగు గాజు పలకలు. ఫ్యాను తిరిగితే గాలి ఎక్కడి నుంచి వస్తుంది? తలుపు బిగుతుగా మూసి ఉంది కాబట్టి పక్కనున్న గాజు పలకల సందుల్లోంచి వస్తుంది. జానెడు దూరంలో లోపలికి వచ్చి, జానెడు దూరంలో బయటికి పోతుంది. గది ఆ మూలకు ఈ మూలలో జరిగేదేమీ తెలియదు. అద్దం మీద చెమ్మ చెక్కుచెదరదు. సాఫ్ట్‌వేరులో మాత్రం ఫ్యాను సరిగ్గా వేళకు మొదలై, గంట పరిమితి ముగిసి, సరిగ్గా వేళకు ఆగినట్టు అందమైన గీత వస్తుంది. దీనికి పరిష్కారం కోడులో లేదు. ఆ పలకలు మూసి, తలుపు అడుగున ముప్పావు అంగుళం సందు వదలాలి. వెలుపలి వైపు మూత లేని ఫ్యాను అయితే ఆ రంధ్రం మీద పావురాలకు ఎప్పటి నుంచో కన్ను ఉంటుంది. పండగ సెలవులకు ఊరెళ్లి వచ్చేసరికి రెక్కల మధ్య పుల్లలు పేరుస్తాయి. తేడా నాలుగు గ్రాములు దాటింది, రిలే టక్కుమంది, ఫ్యాను మూలిగింది, తిరగలేదు. తేమ సెన్సరుకు పావురాల సంగతి తెలియదు.

మనుషుల వైపు కూడా ఒక అలవాటు మారవలసి వస్తుంది. చాలా ఇళ్లలో ఫ్యాను మోత అంటే లోపల మనిషి ఉన్నట్టు. తువ్వాలు భుజాన వేసుకున్న తాతగారు ఆ మోత విని గది ముందు కుర్చీ వేసుకుంటారు. కాసేపటికి "లోపలెవర్రా, ఎంతసేపు?" అంటారు. జవాబు రాదు. మరికాసేపటికి గొంతు పెంచుతారు. వంటింట్లోంచి కోడలు వచ్చి, "ఎవరూ లేరు మావయ్యగారూ, అది దానంతటదే తిరుగుతోంది" అని చెప్పాల్సి వస్తుంది. "ఎవరూ లేకుండా ఎందుకు తిరుగుతోందమ్మా?" అన్న ఆయన ప్రశ్నకు సంపూర్ణ సమాధానం కావాలంటే 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 17 గ్రాములతో మొదలుపెట్టాలి. దీనికి తిరుగుడు సమస్య చన్నీళ్లవారిది. లోపల మనిషి ఉన్నాడు, మోత లేదు. ఎవరూ లేరనుకుని తలుపు నెట్టేస్తారు. గడియ అన్న పాత సాధనం ఇక్కడ ఏ సెన్సరు కంటెనూ మిన్న.

అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఈ రెండు లోకాలూ ఒకేచోట కలుస్తాయి. అక్కడి గోడలు కొయ్య చట్రం మీద జిప్సం పలకలు, తడిస్తే ఇటుక గోడలా ఊరుకోవు, బూజు లోలోపల పాకుతుంది. అందుకే ఫ్యాను అక్కడ సౌకర్యం కాదు, నియమం. ఇంటి యజమాని షవరుకు సరిపడేలా వేగం లెక్క అమర్చుకుంటాడు. ఆర్నెల్ల వీసా మీద అమ్మానాన్నలు వస్తారు, బాత్‌టబ్బులో బకెట్టూ మగ్గూ వెలుస్తాయి. ఫ్యాను మౌనం వహిస్తుంది. ఆయన కొన్నాళ్లు సూత్రం సవరించుకుంటూ గడుపుతాడు. మార్పు సరిగ్గా కుదిరే వేళకు వాళ్లు తిరుగు ప్రయాణమవుతారు.

ఏ ఒక్క సాక్షీ చాలదు కనుక ఇద్దరు ముగ్గురిని కలిపి పంచాయతీ పెట్టడం మేలు. హాలుతో తేడా పెరిగితే వెయ్యాలి, గొట్టం నిమిషం పైగా వేడిగా ఉంటే తేడా కోసం ఆగకుండా వెయ్యాలి, ఆపే అధికారం మాత్రం తేడాకే ఉండాలి. గోడ మీది మామూలు స్విచ్చిని తీసెయ్యకూడదు. వాసన పోవడానికి వేసుకునే ఫ్యానుకు ఆవిరితో పని లేదు. ఆ అవసరం వచ్చిన చుట్టం సెన్సరుకు విన్నవించుకోలేడు. ఆ స్విచ్చి నొక్కినప్పుడు యంత్రం తన అభిప్రాయాన్ని పావుగంట పక్కన పెట్టాలి.

మిగిలింది కరెంటు కోత. కరెంటు పోయి వచ్చినప్పుడు బోర్డు కొత్తగా మేలుకుంటుంది, అంతకు ముందు గది ఎలా ఉండేదో దానికి గుర్తుండదు. పెరుగుదల వేగం చూసే రకమైతే, మేలుకున్న క్షణాన కళ్లెదుట ఉన్న ఆవిరినే మామూలు స్థితి అనుకుంటుంది. నిండా సబ్బు నురగతో చీకట్లో నిలబడ్డ మనిషికి లైటు వస్తుంది గానీ ఫ్యాను రాదు. మామూలు స్థితిని చెరిగిపోని జ్ఞాపకంలో గంటకోసారి రాసి ఉంచితే ఈ దోషం పోతుంది. హాలుతో పోల్చే రకానికి ఆ రాత కూడా అక్కర లేదు, రెండు సెన్సర్లూ మేలుకోగానే తేడా కనిపిస్తుంది. వైఫై రూటరు వాటి తర్వాత మేలుకుంటుంది కాబట్టి ఆ రెండు మూడు నిమిషాలు మాత్రం ఏం చెయ్యాలో ముందే రాసి పెట్టాలి. ఫ్యాను తిరుగుతూ ఉండాలని రాయడమే ఉత్తమం.